టీవీ పాలెట్‌తో 435 మెగాహెర్ట్జ్ యాంప్లిఫయర్

చెన్నై రిచీ స్ట్రీట్‌లో పాత టీవీ ట్రాన్స్‌మిటర్ల పాలెట్లు (సిగ్నల్ పవర్ పెంచే యాంప్లిఫయర్ బోర్డులు) అప్పుడప్పుడు కిలో లెక్కన దొరుకుతాయి. నాకు దొరికింది యూహెచ్‌ఎఫ్ పాలెట్: 470 నుంచి 860 మెగాహెర్ట్జ్ దాకా పనిచేసేది, 50 వోల్టుల ఎల్‌డీమాస్ (రేడియో పవర్ కోసం చేసే రకం) ట్రాన్సిస్టర్‌ది. మన హామ్ రేడియో (అమెచ్యూర్ రేడియో) వాళ్లకు అనుమతి ఉన్న 434-438 మెగాహెర్ట్జ్ దాని పరిధికి కాస్త కిందే ఉంది కాబట్టి బోర్డు మొత్తం మార్చక్కర్లేదు.

కొనేటప్పుడు మల్టీమీటర్ దగ్గర పెట్టుకోండి. గేట్ (ట్రాన్సిస్టర్‌కి సిగ్నల్ ఇచ్చే కాలు) నుంచి ఫ్లాంజ్‌కి (దాని అడుగున ఉండే లోహపు పలకకి) సున్నా ఓమ్‌లు చూపితే వదిలేయండి. కొన్ని వందల ఓమ్‌లు చూపితే అది బయాస్ (గేట్‌కి ఇచ్చే స్థిర వోల్టేజీ) రెసిస్టర్లది కావచ్చు. తెల్ల సిరామిక్ ఉన్న ట్రాన్సిస్టర్లనీ, ఫ్లాంజ్ రెసిస్టర్లనీ గీకవద్దు, పగలగొట్టవద్దు, రంపంతో కోయవద్దు. పాతవాటిలో బెరీలియం ఆక్సైడ్ ఉండవచ్చు, ఆ పొడి ఊపిరితిత్తులకు విషం.

ముందు వేడి సంగతి చూడండి. 300 వాట్లు బయటికి వస్తే, సగం ఎఫిషియెన్సీ లెక్కన ఇంకో 300 వాట్లు వేడిగా మారతాయి. మే నెలలో గదే 40 డిగ్రీలకు చేరే ఊరు మనది. నేను పాలెట్ కింద మందపాటి రాగి పలక వేసి, దాన్ని పెద్ద అల్యూమినియం హీట్ సింక్‌కి బిగించి, రెండు ఫ్యాన్లు పెట్టాను. థర్మల్ పేస్ట్ పలచగా రాయండి.

పవర్ సప్లైకి పాత టెలికాం రెక్టిఫయర్ (టెలికాం పరికరాలకు డీసీ కరెంట్ ఇచ్చే యూనిట్) చాలు. అయితే మొదటిసారే పూర్తి వోల్టేజీ ఇవ్వకండి. 28 వోల్టులతో, కరెంట్ లిమిట్ పెట్టి, గేట్ వోల్టేజీ సున్నా నుంచి మెల్లగా పెంచండి. డేటాషీట్‌లో చెప్పిన ఐడిల్ కరెంట్ (సిగ్నల్ లేనప్పుడు పారేది) వచ్చాక ఆపండి. ట్రాన్సిస్టర్ వేడెక్కితే ఆ కరెంట్ పెరుగుతుంది, అందుకే బయాస్ సర్క్యూట్‌లోని డయోడ్‌ని ఫ్లాంజ్ పక్కనే అతికించాలి.

నా మొదటి ట్రాన్సిస్టర్ పోయింది డ్రైవ్ (లోపలికి ఇచ్చే సిగ్నల్ పవర్) వల్ల. 20 వాట్ల రేడియోని 5 వాట్లకు తగ్గించి పీటీటీ (ప్రసారం మొదలుపెట్టే బటన్) నొక్కాను. రేడియో మొదటి క్షణం పూర్తి 20 వాట్లూ వదిలింది. టక్ మని ఒక్క చప్పుడు, అంతే. ఆ పాలెట్ కోసం నెలలు తిరిగిన నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. ఇప్పుడు మధ్యలో 10 డీబీ అటెన్యుయేటర్ (పవర్‌ని పదో వంతుకు తగ్గించేది) ఉంది, అదీ 20 వాట్లు తట్టుకునేది. రేడియో ఎంత తప్పు చేసినా గేట్‌కి 2 వాట్లే చేరతాయి. గెయిన్ (పాలెట్ పవర్‌ని పెంచే కొలత) 18 డీబీ, అంటే సుమారు 63 రెట్లు అయితే ఒక వాట్‌కే 60 వాట్లు దాటి వస్తుంది కాబట్టి అది చాలు.

అవుట్‌పుట్ వైపు స్ట్రిప్ లైన్ల (బోర్డు మీది రాగి పట్టీల) మధ్య కొద్ది పికోఫారడ్ల ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) చిప్ కెపాసిటర్ వేసి, కొంచెం కొంచెంగా జరుపుతూ చూడండి. పవర్ పెరుగుతూ కరెంట్ తగ్గే చోటు దొరికితే సోల్డర్ చేయండి. జరిపే ప్రతిసారీ సప్లై ఆపాలి. లో పాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) తప్పనిసరి, మూడో హార్మోనిక్ (435కి మూడు రెట్ల దగ్గర వచ్చే అనవసర సిగ్నల్) 1305 మెగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది. లైసెన్సులో ఉన్న వాట్లు దాటకండి.

సీక్వెన్సర్‌లో (ఒకదాని తర్వాత ఒకటి ఆన్ చేసే సర్క్యూట్‌లో) ముందు యాంటెన్నా రిలే, తర్వాత బయాస్, చివర రేడియో. తిరిగి వచ్చేటప్పుడు తలకిందుల వరుస. రిలే మధ్యలో ఉండగా ఆర్‌ఎఫ్ వస్తే అది ట్రాన్సిస్టర్ మీదకే తిరిగొస్తుంది.

యాంటెన్నా కలిపే ముందు అరగంట డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే, పవర్‌ని వేడిగా మార్చే రెసిస్టర్) మీద నడిపి, ఐడిల్ కరెంట్ మళ్లీ చూడండి. పెరిగి ఉంటే డయోడ్ ఫ్లాంజ్‌కి సరిగా అతుక్కోలేదన్నమాట.