వలస డేగల లెక్కింపు – మూడవ పాఠం: గుంపు విడివడి సాగే చోట

మొదటి పాఠంలో కూర్చోవలసిన చోటును ఎంచుకోవడం, ఆకాశాన్ని పట్టీలుగా విభజించుకొని వెతకడం నేర్చుకున్నాం. రెండవ పాఠంలో రెక్కల ఆకారాన్ని, తోక పొడవును, ఎగిరే తీరును బట్టి జాతిని గుర్తుపట్టడం చూశాం. ఈ పాఠంలో చేయవలసింది కనిపించిన పక్షులను అంకెగా మార్చడం. వినడానికి ఇది చిన్న పనిలా ఉంటుంది గాని, అసలు తప్పులు దొర్లేది ఇక్కడే. జాతి పేరు తప్పు చెబితే పక్కనున్నవారు దిద్దుతారు. నూటపదిని ఎనభై అని రాసుకుంటే దిద్దేవారెవరూ ఉండరు.

డేగలు ఎందుకు గుంపుకడతాయో తెలిస్తే వాటిని ఎక్కడ లెక్కపెట్టాలో దానంతట అదే తెలుస్తుంది. ఎండకు నేల వేడెక్కినప్పుడు దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది. థర్మల్ అని పిలిచే ఆ వేడిగాలి స్తంభంలోకి చేరిన డేగ రెక్క ఆడించకుండా గిరగిర తిరుగుతూ పైకి వెళ్తుంది, పైకి చేరాక రెక్కలు కొద్దిగా ముడిచి, ఎత్తు కోల్పోతూ తర్వాతి స్తంభం దాకా జారిపోతుంది. ఒకటి పైకి లేవడం చూసి మిగిలినవి అక్కడికే చేరతాయి. నీటి మీద ఇలాంటి గాలి బలంగా లేవదు కనుక ఈ పక్షులు వీలైనంతవరకు సముద్రాన్ని తప్పించుకొని, నేల ఇరుకైన చోట్ల కిక్కిరిసి సాగుతాయి. కొండలకూ మెక్సికో గల్ఫ్‌కూ నడుమ ఉన్న వెరాక్రూజ్ మీదుగా శరత్కాలంలో 40 లక్షలకు పైగా, నల్ల సముద్రానికీ కాకసస్ కొండలకూ నడుమ ఉన్న జార్జియా దేశపు బతూమి మీదుగా 10 లక్షలకు పైగా వేటపక్షులు వెళ్లడానికి కారణం ఇదే.

తిరుగుతున్న గుంపును లెక్కపెట్టే ప్రయత్నం చేయకండి. కొత్తవారందరూ చేసే పొరపాటు ఇది. సుడిలో ఒక పక్షి మరొకదాని వెనక్కి వెళ్తుంది, కింద కొత్తవి చేరుతుంటాయి, రెక్క పక్కకు ఒరిగినప్పుడు కొన్ని సన్నని గీతలా మారి కంటికే ఆనవు. మూడుసార్లు లెక్కపెడితే మూడు అంకెలు వస్తాయి. సుడి పైభాగం నుంచి పక్షులు విడివడి ఒకదాని వెంట ఒకటి జారిపోవడం మొదలయ్యేదాకా ఓపిక పట్టండి. అప్పుడు ఆ వరుస దారిలో మేఘపు అంచునో చెట్టు కొననో గుర్తుగా పెట్టుకొని, బైనాక్యులర్‌ను కదల్చకుండా అక్కడే నిలిపి, గుర్తును దాటిన ప్రతి పక్షికీ టాలీ కౌంటర్‌ను, అంటే నొక్కినప్పుడల్లా ఒక అంకె పెరిగే చేతి పరికరాన్ని, ఒకసారి నొక్కండి. గుర్తు దాటి వెనక్కి వచ్చిన దానిని తీసివేయండి. అంకె రాసుకోవడానికి పుస్తకం వైపు తల వంచవద్దు. ఆ రెండు క్షణాల్లోనే పాతిక పక్షులు దాటిపోవచ్చు. ఒకే సమయంలో రెండు జాతులు వెళ్తుంటే, ఎక్కువగా ఉన్నదానిని కౌంటర్ మీద, అరుదైనదానిని నోటితో లెక్కపెట్టడం నాకు అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

వరుస దట్టంగా ఉండి ఒక్కొక్కటిగా లెక్క అందకపోతే, ముందుగా పదింటిని నిజంగా లెక్కపెట్టి, ఆ పది ఆక్రమించిన జాగా ఎంతో కంటికి పట్టించుకొని, అదే జాగాను వరుస పొడవునా జరుపుకుంటూ పోవాలి. బాతులు, స్వాలోల వంటి పక్షుల పెద్ద గుంపులకూ ఇదే పద్ధతి. అయితే గుంపు మధ్యలో చిక్కగా, అంచుల్లో పలచగా ఉంటుంది కనుక అంచున తీసుకున్న పదితో మధ్యభాగాన్ని కొలిస్తే లెక్క తగ్గిపోతుంది.

వచ్చిన ప్రతి డేగా వలస డేగ కాదు. గంట నుంచి అదే వాలు మీద చక్కర్లు కొడుతూ ఎలుకల కోసం వెతుకుతున్నది ఆ చోటి పక్షి; దానిని లెక్కలో చేర్చకూడదు. వలస దిక్కుగా సాగి కనుమరుగైనదే లెక్కలోకి వస్తుంది. జాతి తెలియకపోతే ‘గుర్తుపట్టని డేగ’ అని, అదీ తేలకపోతే ‘గుర్తుపట్టని వేటపక్షి’ అని రాయండి. ఆ గడులు ఖాళీగా ఉన్న పట్టికను చూస్తే నాకు అనుమానమే కలుగుతుంది.

పట్టికలో గంటకొక వరుస ఉండాలి. ప్రతి వరుసలో గాలి దిక్కు, వేగం, మేఘాలు, చూపు ఆనే దూరం, చూస్తున్నవారి సంఖ్య, నిజంగా ఎన్ని నిమిషాలు చూశారన్నది రాయాలి. ఒక రోజు రెండు గంటల్లో 60, మరో రోజు ఆరు గంటల్లో 90 అన్నప్పుడు రెండవ రోజే పెద్దదిగా కనిపిస్తుంది. గంటకు 30, గంటకు 15 అని రాస్తే విషయం తారుమారవుతుంది. ఒక్క పక్షీ రాని గంటకు సున్నా వేయండి, వరుసను వదిలేయకండి. నిర్మలమైన నీలాకాశంలో మధ్యాహ్నపు సున్నాకు పక్షులు రాకపోవడమే కారణం కానక్కరలేదు, అవి కంటికందనంత ఎత్తున పోతూ ఉండవచ్చు. మేఘాల గడి నింపి ఉంటేనే తర్వాత చదివేవారు ఆ సంగతి ఊహించగలరు.

పక్షి పిల్లో పెద్దదో రాసే వయసు గడిని చాలామంది విసుగుతో వదిలేస్తారు. పెన్సిల్వేనియాలోని హాక్ మౌంటెన్‌ను 1934లో రోజలీ ఎడ్జ్ డేగల వేటను ఆపడానికి కౌలుకు తీసుకున్నప్పుడు, అక్కడ కాపలాకు వచ్చిన మారిస్ బ్రౌన్ వెళ్లే పక్షులను లెక్కపెట్టడం మొదలుపెట్టారు. బాల్డ్ ఈగిల్ అనే తెల్లతల గద్దల్లో ఒళ్లంతా ముదురు రంగుగా ఉండే పిల్లలను ఆయన విడిగా రాశారు. 1935–39 నడుమ ఆ పిల్లలు నూటికి 40 ఉండగా, 1955–59 నడుమ 20కి పడిపోయాయి. 1957లో 32 పెద్ద గద్దలకు ఒక్క పిల్ల మాత్రమే కనిపించింది. పెద్ద గద్దలు ఏళ్ల తరబడి బతుకుతాయి కనుక మొత్తం అంకె ఒక్కటే ఉండి ఉంటే ఈ నష్టం అంత తొందరగా బయటపడేది కాదు. 1962లో రేచల్ కార్సన్ డీడీటీ వంటి పురుగుమందుల హానిని గురించి రాసిన పుస్తకంలో ఈ అంకెలను సాక్ష్యంగా చూపారు. అమెరికాలో 1972లో డీడీటీ వాడకాన్ని చాలావరకు నిషేధించారు.

నాల్గవ పాఠంలో వయసును గుర్తుపట్టే పద్ధతి వస్తుంది. అప్పటివరకు ఈ అభ్యాసం చేయండి: సాయంత్రం గూటికి చేరే ఏ పక్షుల గుంపునైనా చూసి, అంచనాను ముందుగా కాగితం మీద రాసి, వెంటనే ఫోనులో ఫొటో తీయండి. ఇంటికి వచ్చాక ఫొటోను పెద్దది చేసి ఒక్కొక్క పక్షి మీద చుక్క పెడుతూ లెక్కించండి. రెండు అంకెలనూ తేదీతో పక్కపక్కన రాయండి, పాత అంచనాను మాత్రం దిద్దకండి. ఇలా ఇరవై గుంపులు పూర్తయ్యాక మీ కన్ను ఎటువైపు, నూటికి ఎంత తప్పుతోందో లెక్కకట్టి, ఆ అంకెను పుస్తకం మొదటి పేజీలో రాసిపెట్టుకోండి.