దసరాకి ముందు కారు పాలిష్: మొదటి మెషిన్ కొనేవాళ్లకు జాగ్రత్తలు

వానలు తగ్గి దసరా దగ్గరపడుతుంటే అందరికీ ఒకేసారి బండి మీద ప్రేమ పుట్టుకొస్తుంది. ఆయుధ పూజ నాటికి కారు తళతళలాడాలి. చూస్తే వానాకాలం బురద, పిట్ట రెట్టల మచ్చలు, బోరు నీళ్లతో కడిగితే మిగిలిన తెల్ల చుక్కలు, రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో దులపడం వల్ల పడ్డ గుండ్రటి సన్న గీతలు. షెడ్డులో రబ్బింగ్‌కి ఇచ్చే బదులు మెషిన్ కొనుక్కుని మనమే చేసుకుందాం అనిపించడం సహజమే. నేర్చుకోదగ్గ పనే కూడా. కాకపోతే ఈ పనిలో పెద్ద నష్టం చాలాసార్లు మెషిన్ ఆర్డర్ పెట్టిన రోజే ఖాయమైపోతుంది.

ఎందుకో తెలియాలంటే పెయింట్ గురించి కొంచెం తెలియాలి. ఇప్పటి కార్లలో ఎక్కువ వాటికి ప్రైమర్, రంగు, దాని పైన పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్ అని పొరలుంటాయి. అన్నీ కలిపితే సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, కొన్ని కార్లకి ఇంకా తక్కువ. జిరాక్స్ కాగితం ఒక్కటే దాదాపు 100 మైక్రాన్లు ఉంటుంది. ఆ మొత్తంలో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు. ఎండని తట్టుకునేది, మెరుపునిచ్చేది అదే. పాలిష్ చేస్తే గీత పూడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గీత చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని గీత అడుగు దాకా అరగదీస్తాం. పోస్టాఫీసు డిపాజిట్‌లోంచి తీసి వాడుకున్నట్టే, తీసిన కొద్దీ తరగడమే తప్ప తిరిగి చేరేది ఉండదు. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బలమైన మెషిన్ కోసం వెతక్కూడదు. మన చెయ్యి తప్పితే తనంతట తాను నెమ్మదించే మెషిన్ కావాలి.

ముందు కొనకూడనివి చూద్దాం.

ఇంట్లో ఉన్న నాలుగంగుళాల గ్రైండర్‌కే ప్లేటు బిగించి ఫోమ్ ప్యాడ్ తగిలించమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఆ మాట వినకండి. ఆ గ్రైండర్ లోడ్ లేనప్పుడు నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది. పెయింట్ మీద రోటరీ మెషిన్ (ప్యాడ్‌ని ఒకే ఇరుసు మీద తిప్పే పాలిషర్) వాడే అనుభవజ్ఞులు కూడా మామూలుగా 2000 దాటనివ్వరు. గ్రైండర్ వేగానికి పెయింట్ క్షణాల్లో కాలుతుంది, ప్యాడ్ చిరిగి ముఖం మీదికి ఎగరొచ్చు. డ్రిల్లింగ్ మెషిన్‌కి తగిలించే ప్యాడ్లు హెడ్‌లైట్ లాంటి చిన్న పనికి ఫర్వాలేదు. బానెట్ మీద ఆ డ్రిల్లుని నిలకడగా పట్టుకోవడం అయ్యే పని కాదు.

ఇంకో రకం ఉంది. చవగ్గా వస్తుంది, పది అంగుళాల వెడల్పు ప్లేటు, రెండు పక్కలా పిడులు, దాని మీద తొడగడానికి టవల్ గుడ్డ తొడుగులు. అది వ్యాక్స్ పూసి తుడవడానికి పనికొచ్చే మెషిన్. ప్రమాదం లేదు, ప్రయోజనమూ అంతే. గీతలు పోతాయని కొంటే మాత్రం నిరాశే.

అసలు జాగ్రత్త పడాల్సింది రోటరీ దగ్గర. ఆన్‌లైన్‌లో కార్ పాలిషర్ అని వెతికితే 1200 వాట్లు, 600–3000 ఆర్‌పీఎం, 180 మి.మీ. ప్యాడ్ అంటూ బోలెడు కనిపిస్తాయి. ధర బాగుంటుంది, రివ్యూలు బాగుంటాయి, చూడ్డానికి పెద్ద గ్రైండర్‌లా ఉంటాయి. ఇవన్నీ రోటరీలే. ప్యాడ్ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. మీరు ఎంత నొక్కినా ఆగదు. ఒకే చోట కాసేపు నిలిపితే వేడి అక్కడే పోగవుతుంది. షెడ్లలో రబ్బింగ్ అనేది ఎక్కువగా దీనితోనే, ఊలు ప్యాడ్ వేసి చేస్తారు. చెయ్యి తిరిగినవాడి చేతిలో అది అద్భుతాలు చేస్తుంది. తిరగని చేతిలో పడితే ఎండలో కారు తిప్పి చూసినప్పుడు బానెట్ మీద నీడలు నీడలుగా అలలు కనిపిస్తాయి. వాటినే హోలోగ్రామ్స్ అంటారు. ఇంకా దురదృష్టం అయితే అంచు మీద క్లియర్ కోట్ లేచిపోతుంది, ఆ ప్యానెల్‌కి మళ్లీ పెయింట్ వేయించడం తప్ప దారి ఉండదు.

మొదటి మెషిన్‌గా తీసుకోవాల్సింది డీఏ, అంటే డ్యూయల్ యాక్షన్. ఇందులో ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే పక్కకి చిన్న చిన్న వృత్తాల్లో ఊగుతుంది. వేడి ఒక్కచోట నిలవదు, గీతలు ఒకే వరసలో పడవు. అన్నిటికంటే ముఖ్యం, ఫ్రీ స్పిన్ రకంలో ప్యాడ్ తిరగడం మోటారుకి గట్టిగా ముడిపడి ఉండదు. ఎక్కువ నొక్కినా, వంపు మీద అడ్డదిడ్డంగా పెట్టినా తిరగడం ఆగిపోయి ఉత్తినే వణుకుతుంది. కొత్తవాళ్లు దీన్ని చూసి మెషిన్‌లో దమ్ము లేదని తిట్టుకుంటారు. నా దృష్టిలో మీరు డబ్బు పెట్టేదే ఆ ఆగిపోయే గుణానికి.

అది తిరుగుతోందో వణుకుతోందో పైనుంచి చూస్తే తెలియదు. పర్మనెంట్ మార్కర్ తీసుకుని, ప్యాడ్ తగిలించే బ్యాకింగ్ ప్లేటు అంచు మీద నిలువుగా ఒక గీత గీయండి. పని చేస్తున్నప్పుడు ఆ గీత చుట్టూ తిరుగుతూ కనిపిస్తే సరిగ్గా నడుస్తున్నట్టు. ఒకేచోట నిలబడి మసగ్గా వణుకుతుంటే చేతి బరువు తగ్గించాలి, లేదా ప్యాడ్‌ని సమంగా ఆన్చాలి. రూపాయి ఖర్చు లేని ఈ గీత నేర్పినంత వేరే ఏదీ నేర్పదు.

డీఏల్లోనే గేరుతో బలవంతంగా తిరిగే రకం కూడా ఉంది. నొక్కినా తిరుగుతూనే ఉంటుంది, మొండి గీతల మీద బాగా పనిచేస్తుంది. దాన్ని రెండో మెషిన్‌గా ఆలోచించండి.

పెట్టె మీద చూడాల్సిన అంకె వాట్లు కాదు, త్రో. ప్యాడ్ పక్కకి ఎంత మేర ఊగుతుందో చెప్పే కొలత అది. 8, 15, 21 మి.మీ. ఎక్కువగా దొరుకుతాయి. 21 పెద్ద ఎస్‌యూవీల బల్లపరుపు బానెట్ల మీద పనిని తొందరగా తెముల్చుతుంది, కానీ వంపుల మీద ఊరికే ఆగిపోతుంటుంది. మన దగ్గర ఎక్కువమంది నడిపే స్విఫ్ట్, ఐ20 లాంటి చిన్న కార్లకి వంపులే ఎక్కువ. వాటికి 15 మి.మీ. త్రో, ఐదంగుళాల ప్లేటు సరిపోతాయి. 8 మి.మీ. కూడా తప్పు కాదు, పని నెమ్మదిగా సాగుతుంది, అంతే. డీఏ అని రాసి త్రో ఎంతో చెప్పని పెట్టెని పక్కన పెట్టండి. వేగం మార్చే డయల్ తప్పకుండా ఉండాలి. బరువు మూడు కిలోలు దాటితే తలుపుల మీద పట్టుకునేసరికి భుజాలు పడిపోతాయి. మోటారులో అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు, బ్యాకింగ్ ప్లేటు విడిగా దొరుకుతాయో లేదో కొనకముందే అడగండి. బ్యాటరీ మెషిన్ సౌకర్యమే, కానీ ఒక్క బ్యాటరీతో కారు మొత్తం అయిపోతుందని ఆశపడొద్దు.

బడ్జెట్ అంతా మెషిన్ మీదే పెట్టకుండా ప్యాడ్లకి కొంత ఉంచుకోండి. రెండు రకాల ఫోమ్ ప్యాడ్లు, ఒక్కోటీ కనీసం మూడు కావాలి. ఒక్క ప్యాడ్‌తో కారంతా లాగిస్తే అది వేడెక్కి, అరిగిన పెయింట్ పొడితో నిండి, కొత్త గీతలు వేస్తుంది. ప్యాడ్ రంగు చూసి మోసపోవద్దు. ఒక కంపెనీలో మెత్తటి ప్యాడ్‌కి వాడే రంగు ఇంకో కంపెనీలో గరుకుదానికి ఉండొచ్చు.

అమెరికాలో అన్నయ్యో చెల్లెలో ఉంటే వచ్చేటప్పుడు ఒకటి తెమ్మని చెప్పాలనిపిస్తుంది. అక్కడ ఇళ్లల్లో కార్లు పాలిష్ చేసుకునేవాళ్లకి బాగా తెలిసిన పోర్టర్ కేబుల్ 7424ఎక్స్‌పీ లాంటివి 120 వోల్టుల మెషిన్లు. మన సాకెట్‌లో వచ్చేది 230. ప్లగ్ మార్చే అడాప్టర్ వేసి స్విచ్ నొక్కితే మోటారు కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అదీ మెషిన్ వాట్ల కంటే బాగా ఎక్కువ సామర్థ్యం ఉన్నది. ఆ బరువు, ఆ ఖర్చు లెక్కేస్తే ఇక్కడ 230 వోల్టులది కొనుక్కోవడమే నయం. బ్యాటరీది తెప్పించుకున్నా చార్జర్ మీద 100–240 వోల్టులు అని ఉందో లేదో ఫోటో పెట్టించుకుని చూడండి.

మెషిన్ వచ్చింది కదా అని నేరుగా కారు దగ్గరికి వెళ్లొద్దు. ఆ కారు చరిత్ర ముందు తెలుసుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే మరీను. ఎక్కడైనా డెంటింగ్, పెయింటింగ్ జరిగి ఉంటే అక్కడ క్లియర్ కోట్ ఎంత ఉందో ఊహించలేం. ఫ్రిజ్‌కి అంటించే చిన్న అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి ఇనుప ప్యానెళ్ల మీద ఆనిస్తూ పోండి. ఒక చోట పట్టు సడలితే అక్కడ కింద పుట్టీ మందంగా ఉందని అర్థం. మందం కొలిచే మీటర్ దొరికితే ఇంకా మంచిది, అయితే చవక మీటర్లు ప్లాస్టిక్ బంపర్ మీద పనిచేయవు. మ్యాట్ ఫినిష్ పెయింట్‌ని, పీపీఎఫ్ (పెయింట్‌ని కాపాడే పారదర్శక ఫిల్మ్) వేసిన భాగాలని అసలు ముట్టుకోకూడదు. సిరామిక్ కోటింగ్ వేయించి ఉంటే పాలిష్‌తో ఆ కోటింగ్ కూడా పోతుంది.

గీత మీద గోరు అడ్డంగా నడపండి. గోరు దానికి తగులుకుని ఆగితే అది పాలిష్‌తో పోయే గీత కాదు. దాన్ని మాపాలని పట్టుబట్టడమే కొత్తవాళ్ల చేత క్లియర్ కోట్ తినిపించేస్తుంది. వదిలేయండి.

టైమ్ విషయానికొస్తే, నవమి ముందు రాత్రి మొదలుపెట్టి తెల్లారేలోగా ముగిద్దామనుకోవద్దు. కనీసం రెండు వారాల ముందు, బానెట్‌తో ఒక రోజు, తలుపులతో ఒక రోజు అన్నట్టు పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. ఎండలో కాగిన బానెట్ మీద పాలిష్ పూసిన వెంటనే ఎండిపోయి పట్టేస్తుంది. చెయ్యి ఆనిస్తే చల్లగా తగలాలి, పైన నీడ ఉండాలి, పక్కన దుమ్ము లేచే రోడ్డు ఉండకూడదు. అపార్ట్‌మెంట్ సెల్లార్ మంచి చోటే, వెలుతురు మాత్రం సరిపోదు. ఒక ఎల్ఈడీ టార్చి పెట్టుకుని ఏటవాలుగా వేసి చూస్తుండాలి.

కరెంటు, ఒంటి మీద బట్టలు, రెండూ నిర్లక్ష్యం చేసేవే. ఎక్స్‌టెన్షన్ వైరు సన్నగా ఉండకూడదు, చుట్ట విప్పి పరచాలి, తడి నేల మీద జాయింట్లు ఉండకూడదు. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న లైన్‌లోంచి తీసుకోండి. మెషిన్ వైరుని భుజం మీదుగా వీపు వెనక్కి వేసుకుంటే ప్యాడ్‌కి చిక్కుకోదు, కారుకి రాసుకోదు. లుంగీ, చున్నీ, వేలాడే గొలుసు, కడియం, జారే జుట్టు ఏవీ వద్దు. బెల్టు బకిల్ కూడా తీసేయండి, తలుపు మీదికి వంగినప్పుడు అది వేసే గీత మెషిన్ కూడా తీయలేదు. కళ్లద్దాలు, మాస్కు ఉండాలి. ప్యాడ్ మార్చేటప్పుడు ప్లగ్ పీకండి.

పని విధానం నిజానికి చిన్నదే. షాంపూతో బాగా కడిగి, క్లే బార్‌తో (మెత్తటి మట్టి ముద్ద లాంటిది) అంటుకున్న మట్టి, తారు చుక్కలు తీసి, నల్ల ప్లాస్టిక్, రబ్బరు బీడింగ్, బాడీ లైన్లు, ప్యానెల్ అంచులకి మాస్కింగ్ టేప్ వేయండి. అంచుల దగ్గర పెయింట్ పల్చగా ఉంటుంది, ఆ టేప్ విషయంలో బద్ధకించొద్దు. మెత్తటి ప్యాడ్, తక్కువగా అరగదీసే పాలిష్‌తో మొదలుపెట్టాలి. బానెట్ మీద రెండడుగుల చదరం ఒకటి టేప్‌తో గుర్తు పెట్టుకుని అక్కడ మాత్రమే ప్రయోగం చేయండి. ప్యాడ్ మీద బఠాణీ గింజంత చుక్కలు మూడు నాలుగు చాలు. ప్యాడ్ పెయింట్‌కి ఆన్చాకే స్విచ్ వేయాలి, ఎత్తేముందే ఆపాలి. లేకపోతే పాలిష్ మీ చొక్కా మీద, గోడ మీద, పక్కింటివాళ్ల స్కూటర్ మీద. సెకనుకి అంగుళం చొప్పున, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి, నాలుగైదు సార్లు తిప్పి తుడిచి చూడండి. సగానికి సగం గీతలు పోయినా బాగున్నట్టే. ఆ ఫలితం నచ్చితేనే మిగతా కారు. నచ్చకపోతే ఒక మెట్టు గట్టి పాలిష్, అప్పటికీ చాలకపోతేనే గట్టి ప్యాడ్.

మధ్యమధ్యలో వేలి వెనక భాగంతో పెయింట్ తాకి చూడండి. గోరువెచ్చన దాటి చురుక్కుమంటే ఆపాలి. ప్లాస్టిక్ బంపర్ ఇనుము కంటే తొందరగా వేడెక్కుతుంది, అక్కడ వేగం తగ్గించండి. ఇక ప్యాడ్‌కి కారు రంగు అంటుకుంటే, క్లియర్ కోట్ ఉన్న కారైతే, ఆ క్షణమే స్విచ్ ఆపేయండి. మీరు క్లియర్ కోట్ దాటి రంగులోకి వెళ్లారు. క్లియర్ కోట్ లేని పాత సింగిల్ స్టేజ్ పెయింట్లకి మాత్రం రంగు అంటడం మామూలే, అందుకే ఏ రకమో ముందే కనిపించని మూల చేత్తో రుద్ది చూసుకోవాలి.

పాలిష్ అయ్యాక వ్యాక్స్ గానీ, అలాగే పెయింట్‌కి రక్షణ పొరగా పనిచేసే సీలెంట్ గానీ తప్పకుండా పూయాలి. పొద్దున్నే పొడిగుడ్డతో దులిపే అలవాటు ఆపకపోతే గీతలు సంక్రాంతికల్లా తిరిగొస్తాయి. మీరు ఆపినా వాచ్‌మన్ ఆపడు, ఆయనకి రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక బకెట్ నీళ్లు అప్పగించి, తడిపి తుడవమని చెప్పండి.

కారు బాగా వచ్చిందంటే ఇంకో చిక్కు మొదలవుతుంది. "మా బండి కూడా ఓసారి చూడు తమ్ముడూ" అంటూ పై ఫ్లోర్ అన్నగారు వస్తారు. ఆ కారుకి ఎక్కడ పుట్టీ ఉందో, ఇంతకుముందు ఎన్నిసార్లు రబ్బింగ్ అయిందో ఆయనకే తెలిసి ఉండదు. మొహమాటపడి మెషిన్ ఆన్ చేయకండి. మరీ తప్పకపోతే చేత్తో వ్యాక్స్ పూసి ఇవ్వండి.