షిఫ్టు దిగాక, చాయ్ బండి దగ్గర

మహారాష్ట్రలోని బల్లార్‌పూర్ బొగ్గు గనిలో పదిహేనేళ్లుగా పని చేస్తున్నాను. తోటివాడు డల్‌గా కనిపిస్తే టోపీ లైట్లు ఇచ్చే ల్యాంప్ రూమ్ క్యూలో, అందరి ముందూ అడక్కండి. షిఫ్టు దిగాక చాయ్‌కి పక్కకు తీసుకెళ్లండి. "ఏమైంది?" అంటే "ఏం లేదన్నా" అనేస్తాడు. నేనైతే "వారం నుంచి టిఫిన్ డబ్బా తినకుండానే తీసుకెళ్తున్నావేంటి తమ్ముడూ?" అంటాను. తర్వాత నోరు మూసుకోవాలి, నాకు అదే కష్టం! ఒకసారి మధ్యలో సలహా ఇచ్చేస్తే, అతను సగం గ్లాసు అక్కడే పెట్టి లేచిపోయాడు.

విన్నది సూపర్‌వైజర్ దాకా పోనివ్వకండి. చచ్చిపోవాలనుంది అంటే మాత్రం రహస్యం లేదు. ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి, పక్కనే కూర్చుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది. తెలుగు ఎంచుకోవచ్చు, మరాఠీ రాదని ఆగక్కర్లేదు.