షెడ్డులో క్రేన్‌ను రోజూ చెక్ చేసి, బరువును క్షేమంగా ఎత్తడం ఎలా?

ఉదయం షెడ్డు తలుపు తీయగానే కంప్రెసర్ ఆన్ చేస్తాం, వెల్డింగ్ కేబుళ్లు పరుస్తాం, టీ తెప్పించుకుంటాం. నెత్తిమీద ఉన్న క్రేన్ వైపు మాత్రం ఎవరూ తలెత్తి చూడరు. నిన్న సాయంత్రం దాకా బాగానే నడిచింది కదా అని ధీమా.

నేను పనిచేసిన ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఒకరోజు పొద్దున ఆపరేటర్ ‘అప్’ బటన్ నొక్కితే హుక్ పైకి వెళ్లి ఆగాల్సిన చోట ఆగలేదు. హుక్‌ను పైన ఆపే లిమిట్ స్విచ్ పాడైందని ఎవరికీ తెలియదు. హుక్ బ్లాక్ వెళ్లి, రోప్ చుట్టుకునే డ్రమ్ముకు గుద్దుకుంది, రోప్ తెగింది, బ్లాక్ కింద పడి నేల కాంక్రీటు పగిలింది. ఆ సమయానికి అందరూ టీ దగ్గర ఉన్నారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. ఆ క్రేన్‌కు ఏడాది పరీక్ష సర్టిఫికెట్ ఉంది, గోడకు ఫ్రేము కట్టి మరీ పెట్టారు. మూడు నెలల కిందటిదే. లిమిట్ స్విచ్ చెడింది ఈ మూడు నెలల్లో ఏదో ఒకరోజు. రోజూ చూసే మనిషి ఉంటే ఆ రోజే తెలిసేది.

క్రేన్లు, చైన్లు, రోపులు, వాటి సామగ్రిని కనీసం 12 నెలలకోసారి కాంపిటెంట్ పర్సన్ (ఈ పరీక్షకు ప్రభుత్వ గుర్తింపు ఉన్న నిపుణుడు) చేత క్షుణ్ణంగా పరీక్ష చేయించాలన్నది 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్‌లో రాసిన నియమం. ఆ పరీక్ష మానకూడదు. కానీ రోజువారీ చెక్ దానికి బదులు కాదు, అది దీనికి బదులు కాదు. ఇక్కడ చెప్పేది షెడ్డులో పైన పట్టాల మీద నడిచే ఈఓటీ (ఎలక్ట్రిక్ ఓవర్‌హెడ్ ట్రావెలింగ్) క్రేన్ గురించి. బయట చక్రాల మీద తిరిగే హైడ్రా క్రేన్లకు నేల గట్టిదనం, కరెంటు తీగలు లాంటి వేరే లెక్కలుంటాయి.

1. కరెంటు ఇవ్వకముందు

ముందు లాగ్ బుక్ తెరిచి నిన్నటి షిఫ్ట్ వాళ్లు ఏమైనా రాశారేమో చూడండి. క్రేన్ కింద నేల మీద కొత్త నూనె మరకలు ఉన్నాయా? ఉంటే గేర్ బాక్స్ లీకవుతోందన్నమాట. ఆ నూనె బ్రేక్ డ్రమ్ము మీదికి చేరితే బ్రేక్ పట్టదు. నిన్న మెయింటెనెన్స్ వాళ్లు పైకి ఎక్కి ఉంటే, పైన స్పానర్లు, బోల్టులు వదిలేశారేమో తెలుసుకోండి. 15 అడుగుల ఎత్తు నుంచి పడిన చిన్న నట్టు కూడా తల పగలగొడుతుంది.

ఎన్ని టన్నులు ఎత్తవచ్చో రాసిన అంకె, అంటే ఎస్‌డబ్ల్యూఎల్, కింద నిలబడి చదివితే కనిపించాలి. పట్టాల దగ్గర ఎవరైనా పెయింటింగో వైరింగో చేస్తుంటే, క్రేన్ వాళ్లకు 6 మీటర్ల దగ్గరలోకి రాకుండా ఏర్పాటు చేయాలని అదే 29వ సెక్షన్ చెప్పింది. ‘చూసుకుని నడుపుతాలే’ అనడం ఏర్పాటు కాదు. పట్టాకు స్టాపర్ బిగించాలి, లేదా మెయిన్ స్విచ్ ఆపి తాళం వేసి, ఆ తాళంచెవి పైనున్న మనిషి జేబులో పెట్టాలి.

2. వైర్ రోప్

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికి ఇవ్వండి. మెయిన్ స్విచ్ ఆపి, తోలు గ్లోవ్స్ వేసుకుని, ఒక పాత గుడ్డతో రోప్‌ను వదులుగా పట్టుకుని తుడుచుకుంటూ రండి. తెగిన వైరు ఉంటే గుడ్డ పోగు దానికి చిక్కుకుంటుంది. కదులుతున్న రోప్‌ను మాత్రం ఎప్పుడూ చేత్తో పట్టుకోకూడదు. గ్లోవుతో సహా చెయ్యి పుల్లీలోకి పోతుంది.

తెగిన వైర్లు ఎన్ని ఉంటే రోప్ మార్చాలి? తయారీదారు మాన్యువల్‌లో హద్దు ఉంటే అదే పాటించండి. మన దగ్గర చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క ఒకటుంది: రోప్ వ్యాసానికి 8 రెట్ల పొడవులో, మొత్తం వైర్లలో 10 శాతానికి మించి తెగినవి కనిపిస్తే ఆ రోప్ పనికిరాదు. 12 ఎంఎం రోప్ అయితే ఆ పొడవు 96 ఎంఎం, సుమారు బెత్తెడు. 6×19 రోప్‌లో 6 స్ట్రాండ్లు (పేటలు), ఒక్కోదానిలో 19 వైర్లు, మొత్తం 114 కాబట్టి 11 దాటితే తీసేయాలి. అన్నీ ఒకే స్ట్రాండ్‌లో తెగుతుంటే నేను 11 దాకా ఆగను, ముందే మార్పిస్తాను.

రోప్ సన్నబడిందేమో వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. దవడలు స్ట్రాండ్ల ఉబ్బెత్తు మీద ఆనాలి, మధ్య పల్లంలో కాదు. పల్లంలో కొలిస్తే కొత్త రోప్ కూడా సన్నగానే చూపిస్తుంది. 12 ఎంఎం రోప్ 11.4కు వచ్చిందంటే 5 శాతం తగ్గినట్టు. అక్కడే మార్చేయడం మేలు. మెలిక పడి నొక్కుకుపోయినా, పంజరంలా విచ్చుకున్నా, లోపలి కోర్ బయటికి తన్నినా ఇక లెక్కలు అక్కర్లేదు, అదే రోజు తీసేయండి.

చాలామంది చూడని చోటు ఒకటుంది. రోప్ మధ్యభాగం ఒక ఈక్వలైజర్ పుల్లీ మీదుగా పోతుంది. అది పెద్దగా తిరగదు కాబట్టి అక్కడ అరుగుదల ఉండదనుకుంటారు. నిజానికి రోప్ అక్కడే వంగి వంగి, గ్రీజు ఎండి, లోపల్లోపల తెగుతుంది. వారానికోసారైనా అక్కడ చూడాలి. గ్రీజు అయిపోతే వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయకండి. అందులోని ఇనుప రజను రోప్‌ను లోపలి నుంచి అరగదీస్తుంది.

వెల్డింగ్ షెడ్డుల వాళ్లకు ఇంకో మాట. హుక్కుకు వేలాడుతున్న వస్తువు మీద వెల్డింగ్ చేస్తే, ఎర్త్ క్లాంప్ సరిగ్గా పట్టకపోతే, కరెంటు హుక్కు గుండా రోప్‌లోకి వెళ్లి వైర్లను కాలుస్తుంది. వస్తువును స్టాండు మీద దించి, స్లింగ్ (బరువును హుక్కుకు తగిలించే రోప్, చైన్ లేదా బెల్టు) విప్పి, అప్పుడు వెల్డ్ చేయండి.

3. హుక్

హుక్ కొత్తగా ఉన్నప్పుడే నోటికి అటూ ఇటూ రెండు పంచ్ గుర్తులు కొట్టించి, వాటి మధ్య దూరం రిజిస్టర్‌లో రాసిపెట్టండి. ఆ దూరం పెరిగిందంటే హుక్‌పై ఎప్పుడో మోయలేనంత బరువు పడింది. 5 శాతం పెరిగినా, కొద్దిగా పక్కకు తిరిగినా వాడకూడదు. వేడి చేసి సుత్తితో కొట్టి సరిచేయడం మన దగ్గర మామూలే అయినా, అలా చేసిన హుక్ బలం ఎవరూ చెప్పలేరు. నోటికి అడ్డంగా ఉండే లాచ్ దానంతటదే మూసుకోవాలి. లాచ్ విరిగితే బైండింగ్ వైరు చుట్టి పని కానిచ్చేయకండి, కొత్తది వేయండి.

4. ఖాళీ హుక్‌తో నడిపి చూడడం

ఇప్పుడు కరెంటు ఇవ్వండి. ముందు పెండెంట్ (క్రేన్ నుంచి వేలాడే బటన్ల పెట్టె) మీద ఎర్ర ఎమర్జెన్సీ బటన్ నొక్కి, మిగతా బటన్లు పనిచేయడం ఆగిందో లేదో చూడండి. తర్వాత ఒక్కో బటన్: పైకి, కిందికి, అటు, ఇటు. బటన్ వదలగానే కదలిక ఆగాలి. ‘అప్’ నొక్కితే కిందికి దిగుతుంటే, ఎవరో వైరింగ్ మార్చి ఫేజులు తారుమారు చేశారన్నమాట. ఆ స్థితిలో లిమిట్ స్విచ్‌ను కూడా నమ్మలేం.

పై లిమిట్‌ను ఖాళీ హుక్‌తో, నెమ్మదిగా, బటన్‌ను విడివిడిగా నొక్కుతూ పరీక్షించండి. కింద ఎవరూ ఉండకూడదు. ఆ స్విచ్ పొరపాటు జరిగినప్పుడు కాపాడడానికే, రోజూ పని ఆపడానికి కాదు. హుక్‌ను బాగా కిందికి దింపినప్పుడు డ్రమ్ము మీద కనీసం రెండు పూర్తి చుట్లు మిగలాలి. అంతకంటే తగ్గితే బరువంతా రోప్ చివరి క్లాంపు మీద పడుతుంది.

5. బరువు లెక్క కట్టడం

‘మూడు టన్నులుంటుందేమో’ అన్న మాట మీద బరువు ఎత్తకూడదు. ఇనుప ప్లేటుకు సులువైన లెక్క ఉంది: మందం ఎన్ని ఎంఎం ఉందో దాన్ని 8తో గుణిస్తే చదరపు మీటరుకు కిలోలు వస్తాయి. అసలు అంకె 7.85, 8 అనుకుంటే మనకు కాస్త వెసులుబాటు. 20 ఎంఎం మందం, 6 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పున్న ప్లేటు: 20×8 = 160, విస్తీర్ణం 9 చదరపు మీటర్లు, మొత్తం 1,440 కిలోలు.

ట్యాంకుల్లో, పంపుల్లో మిగిలిన నీళ్లను మర్చిపోతారు. ఒక ఘనపు మీటరు నీళ్లు ఒక టన్ను. ఒక్క ఫౌండేషన్ బోల్టు విప్పకుండా మెషీన్‌ను లాగినా, క్రేన్ మీద పడే బలం మెషీన్ బరువును మించిపోతుంది.

6. స్లింగ్ కట్టడం

రెండు కాళ్ల స్లింగ్‌తో ఒక టన్ను ఎత్తితే ఒక్కో కాలుకు అర టన్నే అనుకుంటారు. స్లింగ్ నిట్టనిలువుగా ఉంటేనే అది నిజం. బరువు పైముఖంతో స్లింగ్ చేసే కోణం 60 డిగ్రీలైతే ఒక్కో కాలు మీద 577 కిలోలు, 45 అయితే 707, 30కి దిగితే పూర్తిగా 1,000 కిలోలు. స్లింగ్ పొట్టిదై, కాళ్లు పరుచుకునేకొద్దీ బిగువు పెరుగుతుంది.

కోణం కొలిచే సాధనం లేకపోయినా ఫర్వాలేదు. బరువు మీద స్లింగ్ కాళ్లు తగిలించిన రెండు కొండీల మధ్య దూరం ఒక కాలు పొడవుకు సమానమైతే మూడు వైపులూ సమానమైన త్రిభుజం వస్తుంది, అంటే 60 డిగ్రీలు. కాబట్టి స్లింగ్ కాలు ఎప్పుడూ కొండీల మధ్య దూరం కంటే పొట్టిగా ఉండకూడదు. బరువులు కట్టే మా ఖలాసీలకు నేను మొదట నేర్పేది ఇదే.

బెల్టు స్లింగులకు రంగుల వాడుక ఉంది: ఊదా 1 టన్ను, ఆకుపచ్చ 2, పసుపు 3, బూడిద రంగు 4, ఎరుపు 5. అయినా రంగును కాదు, కుట్టిన లేబుల్‌ను నమ్మండి. లేబుల్ ఊడిన బెల్టును, కుట్లు విడిన బెల్టును, వెల్డింగ్ నిప్పురవ్వలు (స్పాటర్) పడి కాలిన బెల్టును కోసి పారేయండి. మూలన పెడితే రేపు ఇంకెవరో తీసి వాడతారు. పదునైన అంచుల దగ్గర పాత టైరు ముక్క గానీ, నిలువుగా చీల్చిన పైపు ముక్క గానీ అడ్డం పెట్టండి. చైన్ పొట్టి చేయడానికి ముడి వేయడం, రెండు లింకులను బోల్టుతో కలపడం అసలు చేయకూడదు.

7. ఎత్తడం

హుక్ సరిగ్గా బరువు మధ్యభాగం పైన ఉండాలి. పక్కకు లాగితే రోప్ డ్రమ్ము గాడి తప్పుతుంది, బరువు నేల వదిలిన క్షణంలో ఊయలలా ఊగి ఎదుటివారి మీదికి వస్తుంది. స్లింగ్ బిగుసుకునే దాకా నెమ్మదిగా లాగి, వేళ్లు తీశారో లేదో చూసి, 10 నుంచి 15 సెంటీమీటర్లు లేపి ఆపండి. అక్కడ కాసేపు ఆగండి. బ్రేక్ పట్టిందా, బరువు జారుతోందా, ఒకవైపు వాలిందా అన్నది ఈ కాసేపట్లోనే తెలుస్తుంది. జారితే నేల జానెడు దూరంలోనే ఉంది.

సైగ చేసేది ఒక్కరే. చూపుడు వేలు పైకి పెట్టి చిన్న సున్నాలు చుడితే పైకి, వేలు కిందికి పెట్టి చుడితే కిందికి, అరచేయి నేలవైపు ఉంచి చేయి అడ్డంగా ఊపితే ఆపు. ‘ఆపు’ అన్న సైగ మాత్రం ఎవరు చేసినా ఆపాల్సిందే, నిన్న చేరిన హెల్పర్ చేసినా సరే. పొడవైన వస్తువులకు చివర గైడ్ తాడు కట్టి దూరం నుంచి తిప్పండి. బరువును వేలాడదీసి టీకి వెళ్లవద్దు.

8. లోడ్ టెస్ట్ మీరు చేయకండి

రిపేరు అయ్యాక ‘ఎక్కువ బరువు వేసి చూద్దాం’ అని షెడ్డులో సొంతంగా ప్రయత్నాలు చేస్తుంటారు. సామర్థ్యానికి మించిన బరువుతో చేసే పరీక్షను కాంపిటెంట్ పర్సన్ సమక్షంలో, క్రేన్ మీదా కిందా అవసరం లేని ఒక్క మనిషినీ ఉంచకుండా చేయాలి. 2020 ఆగస్టు 1న విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేన్ ట్రయల్ జరుగుతుండగా కూలి 11 మంది చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నుంచి, టెస్ట్ అన్న మాట వినగానే నేను ముందు మనుషుల్ని లెక్కపెట్టి బయటికి పంపిస్తాను.

చెక్‌లో ఏ లోపం కనిపించినా మెయిన్ స్విచ్ ఆపి తాళం వేసి, పెండెంట్‌కు ‘వాడరాదు’ అన్న బోర్డు కట్టండి. లాగ్ బుక్‌లో తేదీ, సమయం, కనిపించిన లోపం రాసి సంతకం పెట్టండి, సూపర్‌వైజర్ చేత కూడా పెట్టించండి. లోపం లేని రోజున కూడా రాయండి. షిఫ్ట్ అయ్యాక ఖాళీ హుక్‌ను మనిషి తలకు తగలనంత ఎత్తుకు లేపి, క్రేన్‌ను దారికి అడ్డం లేకుండా నిలిపి, స్విచ్ ఆపి, తర్వాతి షిఫ్ట్ మనిషికి ఆ పుస్తకాన్ని చేతికివ్వండి.