పిలిస్తే పలికిన కార్యకర్తను గుర్తించే పద్ధతి

ఎన్నికల ప్రచారంలో జెండా పట్టుకొని ఊరేగింపు ముందు నడిచేవారు అందరి కంటా పడతారు. రాత్రి తొమ్మిది గంటలకు ఎవరో ఓటరు ఫోన్ చేసి, "అన్నా, మా నాన్న పేరు లిస్టులో కనబడట్లేదు" అంటే, రేపు చూద్దామని దాటవేయకుండా అప్పటికప్పుడు జాబితా తిరగేసి, భాగం సంఖ్యా వరుస సంఖ్యా చెప్పే బూత్ కార్యకర్త మాత్రం ఆ ఓటరుకు తప్ప మరెవరికీ తెలియడు. నియోజకవర్గ సమన్వయకర్తలు, మండల బాధ్యులు, అభ్యర్థి కార్యాలయంలో ఫోన్లు చూసుకునేవారు ఇలాంటి చిన్న స్పందనలను ఎలా పసిగట్టాలో, వాటిని ఏ మాటలతో, ఏ సమయంలో మెచ్చుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. పార్టీ ఏదైనా పద్ధతిలో తేడా ఉండదు.

ముందుగా కార్యాలయంలో ఒక నోటుబుక్కు పెట్టాలి. ఏ బూత్ కార్యకర్తకు ఏ పని చెప్పాం, ఎప్పుడు చెప్పాం, తిరిగి ఎప్పుడు జవాబు వచ్చింది, చివరికి ఏమైంది అన్న నాలుగు సంగతులు రాస్తే చాలు. ఓటరు పేరూ ఫోన్ నంబరూ అందులో అక్కర్లేదు. వాట్సాప్ గ్రూపును చూసి ఎవరు చురుకైనవారో తేల్చుకోవడం పొరపాటు. నాయకుడి ప్రతి ఫోటో కిందా దండం గుర్తు పెట్టేవారు, వీధిలో తలుపు తట్టేవారు ఒకరే కావాలని లేదు. వారానికోసారి కొందరు ఓటర్లకు కార్యాలయం నుంచే ఫోన్ చేసి "మీ పని అయిందా, ఎవరు వచ్చి చూశారు?" అని అడిగితే, బుక్కులోకి ఎక్కని పేర్లు కూడా బయటికి వస్తాయి.

తరువాత, ఏది మంచి స్పందనో తెలిసి ఉండాలి, ఎందుకంటే త్వరగా వచ్చిన ప్రతి జవాబూ సరైన జవాబు కాదు. కొత్తగా పేరు చేర్చాలంటే ఫారం 6, ఇల్లు మారినా వివరాలు సరిదిద్దాలన్నా ఫారం 8 పెట్టాలని, నామినేషన్ల చివరి తేదీ దాటాక ఆ ఎన్నికకు జాబితాలో మార్పులు ఉండవని తెలిసిన కార్యకర్త, గడువు దాటిన ఓటరుతో "ఈసారికి కుదరదమ్మా, వచ్చేసారికి ఇప్పుడే దరఖాస్తు పెట్టిస్తాను" అని నిజం చెబితే దాన్ని మంచి స్పందనగానే రాసుకోవాలి. "చూసుకుంటాంలే అక్కా" అని తీపి మాట చెప్పి పంపినవాడికంటే ఇతడు ఎంతో మెరుగు. బూత్ స్థాయి అధికారి ఇచ్చే ఓటరు సమాచార చీటీ ఒక్కటే చేతిలో ఉంటే చాలదని, గుర్తింపు కార్డో ఎన్నికల సంఘం అనుమతించిన మరో పత్రమో వెంట తీసుకెళ్లాలని ఇంటింటా గుర్తుచేసినవారినీ ఇదే కోవలో చేర్చవచ్చు.

ముసలివారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మంచం దిగలేని ఒక అవ్వను పోలింగ్ రోజున ఆటో మాట్లాడి తీసుకొచ్చిన కుర్రవాణ్ణి చూస్తే ఎవరికైనా మెచ్చుకోబుద్ధి వేస్తుంది. కానీ అభ్యర్థి సమ్మతితో ఓటర్లను ఉచితంగా వాహనంలో పోలింగ్ కేంద్రానికి చేర్చడాన్ని ప్రజాప్రాతినిధ్య చట్టం అవినీతి చర్యగా పరిగణిస్తుంది. దాన్ని వేదిక మీద పొగిడితే ప్రత్యర్థికి సాక్ష్యం మనమే అందించినట్లు. అసలు మెచ్చుకోవలసింది అవ్వ ఓటు వేసే ఏర్పాటును చాలా రోజుల ముందే చూసినవారిని. 2023 నవంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికలప్పుడు 80 ఏళ్లు దాటినవారికి ఇంటి నుంచి ఓటు వేసే సదుపాయం ఉండేది. 2024 లోక్‌సభ ఎన్నికల నుంచి ఆ వయసును 85కు పెంచారు, 40 శాతం అంతకు మించిన వైకల్యం ఉన్నవారికి అది యథాతథంగా కొనసాగింది. దానికి ఫారం 12డి అనే దరఖాస్తు ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన ఐదు రోజుల్లోగా చేరాలి. ఆ ఐదు రోజుల్లో అవ్వ ఇంటికి బూత్ స్థాయి అధికారి వచ్చారో లేదో ఆరా తీసి, రాకపోతే కబురు పంపిన కార్యకర్త ఎవరో నోటుబుక్కులో ఉండాలి.

ఇక మెచ్చుకునే మాట. "మీ సేవలు మరువలేనివి" అన్న సందేశం వందమందికి ఒకేసారి వెళ్తే, అది ఎవరికీ అందనట్లే. పని పేరు చెప్పాలి, ఫలితం చెప్పాలి: "తమ్ముడూ, మొన్న రాత్రి నువ్వు జాబితా చూసి చెప్పావు కదా, ఆ పెద్దాయన పేరు పక్క బూత్‌లో దొరికింది. ఇంట్లో నలుగురి పేర్లూ అక్కడే ఉన్నాయి. నువ్వు అప్పుడే చూడకపోతే వాళ్లు పాత బడికే వెళ్లి నిలబడేవారు." ఇందులో పొగడ్త తక్కువ, సమాచారం ఎక్కువ. కార్యకర్తకు కావలసింది కూడా అదే; తాను పైకి పంపిన కబురు ఏమైందో తెలియకపోవడం కంటే అతణ్ణి నిరుత్సాహపరిచేది మరొకటి లేదని నా అభిప్రాయం. కాబట్టి పని పూర్తికాకపోయినా "ఇంకా తేలలేదు, అడుగుతూనే ఉన్నాం" అని ఒక ముక్క చెప్పాలి. ఇలాంటి మాట ఒక్కరోజు లోపల వెళ్లాలి, వీలైతే ఫోన్‌లో, అతనికి నేరుగా పని చెప్పినవారి నోటి నుంచే వెళ్లాలి. అభ్యర్థి స్వయంగా ఒక నిమిషం మాట్లాడగలిగితే మంచిదే, కానీ అభ్యర్థి తీరిక కోసం వారం ఆగవద్దు.

పదిమందిలో చెప్పేటప్పుడు ఓటరు పేరు, ఫోటో, అనారోగ్యం వంటివి బయటపెట్టకూడదు. శాలువాలు, ఫ్లెక్సీల విషయం క్లుప్తంగా చెబుతాను: అవి పదవుల వరుసలోనే నడుస్తాయి, బూత్ కార్యకర్త వంతు వచ్చేసరికి చోటు మిగలదు. ముఖ్యంగా ఆడవారి విషయంలో ఇది అన్యాయంగా మారుతుంది. వీధిలో ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు కాన్పుకు పుట్టింటికి వెళ్లారో చెప్పేది ఆ అక్కలే; మండల సమావేశంలో మైకు దగ్గర వినిపించేది మాత్రం వారి భర్తల పేర్లు. సమావేశంలో వారిని వారి పేరుతోనే పిలవాలి, చేసిన పని చెప్పాలి, వీలైతే రెండు మాటలు మాట్లాడనివ్వాలి.

డబ్బును మెచ్చుకోలుగా వాడకూడదు. పెట్రోలు, భోజనం, జిరాక్సు ఖర్చులు కార్యకర్తకు తిరిగి ఇవ్వడం కార్యాలయం బాధ్యత. అది ఇచ్చి కృతజ్ఞత తీరిందనుకోవడం సరికాదు. అభ్యర్థి అనుమతితో పెట్టిన ఆ ఖర్చు తెలుగు రాష్ట్రాల్లో శాసనసభ స్థానానికి 40 లక్షలు, లోక్‌సభ స్థానానికి 95 లక్షల రూపాయల పరిమితిలో లెక్కకు వస్తుంది, ఫలితం వచ్చిన 30 రోజుల్లో సమర్పించే లెక్కల్లో కనిపించాలి. అంతకు మించి కవర్లలో పెట్టి ఇస్తే, మరుసటి ఫోన్‌కు జవాబు రాకముందే రేటు అడుగుతారు.

పోలింగ్ రోజున మెచ్చుకోలుకు తీరిక ఉండదు, ఉండనక్కర్లేదు. అయితే పోలింగ్ మొదలయ్యేందుకు గంటన్నర ముందే మాక్ పోల్‌కు, అంటే యంత్రాలను పరీక్షించే నమూనా ఓటింగుకు చేరిన పోలింగ్ ఏజెంటు, యంత్రాలకు సీలు వేసేదాకా కదలకుండా ఉండి పోలైన ఓట్ల లెక్క ఉండే ఫారం 17సి ప్రతి తీసుకొని కార్యాలయానికి చేర్చిన ఏజెంటు ఎవరో ఆ రాత్రే రాసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 మే 13న పోలింగ్ జరిగితే ఓట్ల లెక్కింపు జూన్ 4న జరిగింది. అలాంటి మూడు వారాల విరామం దొరికినప్పుడు నోటుబుక్కు ముందు పెట్టుకొని ఒక్కొక్కరికే ఫోన్ చేయడం అన్నిటికంటే మేలు, ఎందుకంటే గెలుపోటములు తెలియక ముందు చెప్పిన మాటను గెలిచిన ఊపులో అన్నారనో, ఓడిన బాధలో అన్నారనో ఎవరూ అనుకోలేరు. ఫలితం తరువాత ఆ బుక్కును స్థానిక సంస్థల ఎన్నికలు చూసే బాధ్యులకు అప్పగించాలి. ఎక్కడైనా ఓటర్ల నంబర్లు రాసి ఉంటే, ఇచ్చే ముందు వాటిని కొట్టివేయాలి.