పాత ఫోటో చదవడం – 5వ పాఠం: ఎండ ఏ వైపు పడింది?

పోయిన పాఠంలో కాగితాన్నీ దాని రంగునూ చూసి ప్రింటు వయసు అంచనా కట్టడం నేర్చుకున్నాం. ఈసారి ఫోటో లోపలికి వెళ్దాం. ఫోటో కింద రాసిన వివరాన్ని ముందు చేత్తో మూసేయండి. ఇది నేను గట్టిగా పాటించే నియమం. వివరం చదివేస్తే కన్ను ఇక వెతకడం మానేస్తుంది.

ఈ పాఠానికి నమూనా ఫెలీచె బియాటో 1860 అక్టోబరులో తీసిన బీజింగ్ కోటగోడ ఈశాన్య మూల. చైనాతో బ్రిటన్, ఫ్రాన్స్ చేసిన రెండో నల్లమందు యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వెంట చైనా వెళ్లిన ఫోటోగ్రాఫర్ ఆయన. అంతకు రెండేళ్ల ముందు లక్నోలో 1857 తిరుగుబాటు శిథిలాలను ఫోటో తీశాడు. చైనా వెళ్లిన ఆ సైన్యంలో మన మద్రాస్ శాపర్స్ (సైనిక ఇంజనీర్ల) దళాలూ ఉన్నాయి.

మొదట గోడకు బయట ఉన్నామా, లోపల ఉన్నామా తేల్చుకోవాలి. పైన పిట్టగోడ చూడండి. శత్రువు వచ్చే వైపు అది ఎత్తుగా, సైనికుడు తొంగి చూసేందుకు సందులు సందులుగా ఉంటుంది. ఊరి వైపు పొట్టిగా, సందులు లేకుండా ఉంటుంది. గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన బురుజులు కనిపిస్తే మీరు బయటే ఉన్నారు. గోడ మొదట్లోకి వచ్చినవాణ్ణి పక్క నుంచి కొట్టడానికే వాటిని కట్టారు. మూల మీది పెద్ద కట్టడంలో వరుసలుగా ఉన్న చిన్న కిటికీలు బాణాలు వేసేందుకు పెట్టినవి.

ఇప్పుడు అసలు పని, ఎండ. ముందుగా ఒక జాగ్రత్త. ఆకాశం తెల్లగా ఉందని మబ్బు పట్టిందనుకోకండి. ఆనాటి గాజు ప్లేట్ల మీద నీలి కాంతి బాగా పనిచేసేది, అందుకే ఎంత నీలాకాశమైనా ప్రింటులో తెల్లగానే వస్తుంది. ఎండ ఉందా లేదా అన్నది నీడల అంచులను బట్టి చెప్పాలి. అంచు పదునుగా ఉంటే ఎండ ఉన్నట్టే.

ఈశాన్య మూలను బయట నుంచి చూస్తే మీ ముఖం నైరుతికి ఉంటుంది. ఉత్తరపు గోడ కుడి వైపుకు, తూర్పు గోడ ఎడమ వైపుకు సాగుతాయి. అక్టోబరులో సూర్యుడు తూర్పుకు కాస్త దక్షిణంగా ఉదయించి, దక్షిణం మీదుగా వెళ్తాడు. కాబట్టి ఆ నెలలో ఉత్తరపు గోడ బయటి ముఖానికి నేరుగా ఎండ తగలదు. ఎడమ గోడ మెరుస్తూ కుడి గోడ చీకటిగా ఉంటే ఉదయం తీసిన ఫోటో. ఎండ రోజే అయినా రెండూ నీడలో ఉంటే మధ్యాహ్నం దాటింది. నేల మీది నీడలనూ చూడండి. అక్టోబరు 21 ప్రాంతంలో బీజింగ్‌లో మిట్టమధ్యాహ్నం కూడా మనిషి నీడ మనిషి కంటే కొంచెం పొడవే, దాదాపు 1.2 రెట్లు. అదే జూన్ చివర్లో అయితే మూడో వంతు కూడా ఉండదు. ఇప్పుడు చెయ్యి తీసి, వివరంలోని నెలతో పోల్చి చూడండి.

ఎత్తు కొలవడానికి మనిషి సాయం తీసుకోవచ్చు, కానీ గోడను ఆనుకుని నిలబడ్డ మనిషినే తీసుకోవాలి. కెమెరా దగ్గరున్నవాడు గోడను పొట్టిగా చూపిస్తాడు. లోపల దిమ్మిస కొట్టిన మట్టి, పైన ఇటుక తొడుగు ఉన్న ఈ గోడ సుమారు 11–12 మీటర్లు, అంటే ఏడుగురు మనుషుల ఎత్తు.

ఇంత ఓపిక ఎందుకంటే, ఆ మూల ఇప్పుడు లేదు. గోడను కూల్చవద్దని, దాని పైభాగాన్ని జనం తిరిగే పార్కు చేయాలని వాస్తు చరిత్రకారుడు లియాంగ్ సిచెంగ్ 1950లో ఎంతో వాదించాడు. ఎవరూ వినలేదు. గోడ నడిచిన దారిలో ఇప్పుడు రెండో రింగ్ రోడ్డు, దాని కింద మెట్రో ఉన్నాయి. ఆ మూల గురించి తెలుసుకోవాలంటే ఇలాంటి ప్రింట్లే ఆధారం. ఈ నష్టాన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

సాధన: ఆగ్నేయ మూల బురుజు ఇంకా నిలిచే ఉంది, 144 బాణపు కిటికీలతో. దాని పాత ఫోటో ఒకటి వెతికి, బయటి ముఖాలు రెండింటి మీదా ఎండ పడిందేమో చూడండి. పడితే అది ఏ పూట? అలాంటి వెలుగు ఈశాన్య మూలకు ఏ నెలలో, ఏ పూట సాధ్యం? జవాబులు ఆరో పాఠంలో చూద్దాం.