సిటీ కమిషన్‌లో చేరారా? కాలిఫోర్నియా ఫారం 700 దాఖలు చేసే విధానం

కాలిఫోర్నియా నగరాల్లో ప్లానింగ్ కమిషన్‌లోనో, పార్కుల కమిషన్‌లోనో తెలుగువాళ్లు కనిపించడం ఇప్పుడు కొత్తేమీ కాదు. సిటీలో ఇంజినీరుగా, కొనుగోళ్లు చూసే ఉద్యోగిగా చేరేవారూ ఉన్నారు. ప్రమాణ స్వీకారం ఫోటోలు వాట్సాప్‌లో ఇంకా తిరుగుతుండగానే సిటీ క్లర్క్ ఆఫీసు నుంచి ఈమెయిల్ వస్తుంది: ఫారం 700 దాఖలు చేయండి, గడువు 30 రోజులు. అది చూడగానే పట్టుకునే టెన్షన్ ఒకటే. హైదరాబాద్‌లో ఫ్లాటు, ఊళ్లో పొలం, బ్యాంకులో డబ్బు, ఇవన్నీ లోకానికి చెప్పుకోవాలా?

అక్కర్లేదు. ఇది ఆస్తుల లెక్క చెప్పే కాగితం కాదు, ట్యాక్స్ రిటర్న్ అంతకన్నా కాదు. 1974లో, వాటర్‌గేట్ కుంభకోణం వేడి ఇంకా చల్లారకముందే, కాలిఫోర్నియా ఓటర్లు ప్రపొజిషన్ 9 (ప్రజలే నేరుగా ఓటేసే చట్ట ప్రతిపాదన) ద్వారా పొలిటికల్ రిఫార్మ్ యాక్ట్ తెచ్చుకున్నారు. దాన్ని అమలుచేసే ఫెయిర్ పొలిటికల్ ప్రాక్టీసెస్ కమిషన్ (ఎఫ్‌పీపీసీ) తయారుచేసిన పత్రమే ఫారం 700. మీరెంత సంపన్నులో దానికి అనవసరం. మీరు తీసుకునే నిర్ణయం వల్ల మీ జేబుకు లాభమో నష్టమో కలిగే అవకాశం ఎక్కడుందో అదే కావాలి.

ముందుగా తేల్చుకోవాల్సింది మీరు ఏ వర్గంలోకి వస్తారన్నది. మేయర్, కౌన్సిల్ సభ్యులు, ప్లానింగ్ కమిషనర్లు, సిటీ మేనేజర్, సిటీ అటార్నీ, కౌంటీ సూపర్‌వైజర్లు వంటివారు చట్టంలోని 87200 సెక్షన్ కింద పూర్తిస్థాయి వెల్లడి చేయాలి. మిగతా కమిషన్ల సభ్యులు, ఉద్యోగుల సంగతి ఆ సంస్థ రాసుకున్న కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్ కోడ్‌ను (ఏ పోస్టువారు ఏయే ఆర్థిక ప్రయోజనాలు వెల్లడించాలో చెప్పే నిబంధనలను) బట్టి ఉంటుంది. మీ పోస్టు అందులో ఉందా, ఉంటే ఏ వెల్లడి కేటగిరీ కింద ఉందన్నది క్లర్క్‌ను అడిగి ఆ పేజీ తెప్పించుకోండి. ఈ ఒక్క పేజీ చదవకుండా ఫారం మొదలుపెట్టినవాళ్లు అవసరం లేనివి రాసేస్తారు, రాయాల్సినవి వదిలేస్తారు. పరికరాల కొనుగోళ్లు మాత్రమే చూసే ఉద్యోగికి సాధారణంగా ఆ సరఫరాదారులతో ఉన్న సంబంధాలు చెబితే సరిపోతుంది.

ఇక ఫారంలోకి వద్దాం. కవర్ పేజీ ఒకటి, దాని వెనుక షెడ్యూళ్లు. ఎ-1లో షేర్లు, ఎ-2లో మీకు పది శాతం అంతకుమించి వాటా ఉన్న వ్యాపారాలు, ట్రస్టులు. బిలో స్థిరాస్తి. సిలో జీతం, ఇతర ఆదాయం, అప్పులు. డిలో బహుమతులు, ఇలో ఇతరులు భరించిన ప్రయాణ ఖర్చులు. చెప్పడానికేమీ లేని షెడ్యూళ్లు జతచేయనక్కర్లేదు. అసలేమీ లేకపోతే కవర్ పేజీలోనే ఆ గడిలో టిక్ పెట్టి సంతకం చేస్తే పని అయిపోయినట్టే.

స్థిరాస్తి విషయంలో నియమం స్పష్టం: మీ నగర పరిధిలోగానీ, దాని సరిహద్దుకు రెండు మైళ్ల లోపుగానీ ఉన్నదే లెక్క. కాబట్టి హైదరాబాద్ ఫ్లాటు, గుంటూరు పొలం రాయనవసరం లేదు. మీరుంటున్న సొంత ఇల్లు కూడా రాయనక్కర్లేదు, కానీ అందులో ఓ గది అద్దెకిచ్చినా, వ్యాపారానికి వాడుతున్నా రాయాలి. నగరంలోనే ఇంకో ఇల్లు కొని అద్దెకిచ్చి ఉంటే అది షెడ్యూల్ బిలోకి వెళుతుంది. బ్యాంకు సేవింగ్స్ ఖాతాలు ఈ ఫారంలోకి రావు. విదేశీ ఖాతాల గురించి అమెరికా కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చే నివేదికలు వేరే వ్యవహారం, రెంటినీ కలిపి కంగారుపడకండి.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది షేర్ల దగ్గర. టెక్ కంపెనీలో పనిచేస్తూ, చేతికొచ్చిన కంపెనీ షేర్లు అమ్మకుండా ఉంచుకునేవారు చాలామంది. ఒక కంపెనీలో మీకున్న వాటా విలువ 2,000 డాలర్లు లేదా అంతకుమించి ఉండి, ఆ కంపెనీ మీ నగరంలో వ్యాపారం చేస్తుంటే ఎ-1లో రాయాలి. ఖచ్చితమైన మొత్తం అడగరు. 2,000 నుంచి 10,000, 10,001 నుంచి 1,00,000 ఇలా శ్లాబులుంటాయి, మీది ఏదో టిక్ పెడతారు. జీవిత భాగస్వామి పేరున, మీపై ఆధారపడిన పిల్లల పేరున ఉన్నవీ ఇందులోకే వస్తాయి. డైవర్సిఫైడ్ మ్యూచువల్ ఫండ్లకు మినహాయింపు ఉంది, కాబట్టి మీ 401కె (ఉద్యోగుల రిటైర్మెంట్ ఖాతా) అలాంటి ఫండ్లలోనే ఉంటే దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

ప్రైవేటు కంపెనీ జీతం 500 డాలర్లు లేదా అంతకుమించి ఉండి, ఆ కంపెనీ మీ నగరంలో కార్యకలాపాలు సాగిస్తుంటే షెడ్యూల్ సిలో చూపాలి. ప్రభుత్వ సంస్థ ఇచ్చే జీతం రాయరు. భార్యాభర్తల్లో రెండోవారి ఆదాయంలో మీ వాటాగా సగం లెక్కిస్తారు. అంటే వారికి ఒకే చోటు నుంచి 1,000 డాలర్లు వచ్చాయంటే మీకు 500 వచ్చినట్టే.

బహుమతులకు భౌగోళిక హద్దు లేదు, ముఖ్యంగా 87200 వర్గానికి. ఒకే వ్యక్తి లేదా సంస్థ నుంచి ఏడాదిలో అందినవన్నీ కలిపి 50 డాలర్లు చేరితే రాయాలి. ఒకరి నుంచి ఏడాదిలో మొత్తంగా తీసుకోవడానికి పరిమితి 2025, 2026 సంవత్సరాలకు 630 డాలర్లు. రెండేళ్లకోసారి దీన్ని సవరిస్తారు. అమ్మానాన్న, తోబుట్టువులు, అత్తమామలు, బాబాయిలు, మేనత్తలు ఇచ్చినవి లెక్కలోకి రావు, వాళ్లు వేరెవరి తరఫునో ఇస్తుంటే తప్ప. ఇంటికి భోజనానికి పిలిచి, పిలిచినవారే దగ్గరుండి వడ్డిస్తే అదీ మినహాయింపే. అదే ఒక బిల్డర్ తాను కొన్న టేబుల్ దగ్గర సంఘం వేడుకలో మీకో కుర్చీ ఇస్తే, అది ఆ బిల్డర్ ఇచ్చిన బహుమతే. అక్కర్లేని బహుమతి వచ్చిపడితే వాడకుండా 30 రోజుల్లో తిరిగి ఇచ్చేయవచ్చు.

కొత్తగా చేరినవారు చేరిన తేదీ నాటికి ఉన్న పెట్టుబడులు, స్థిరాస్తి, దానికి ముందు 12 నెలల ఆదాయం, బహుమతులు చూపాలి. తర్వాత నగర, కౌంటీ స్థాయిలో ఏటా ఏప్రిల్ 1లోగా వార్షిక ఫారం. అక్టోబరు 1 నుంచి డిసెంబరు 31 మధ్య చేరి అప్పుడే ఫారం ఇచ్చినవారు ఆ వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ ఇవ్వనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ఎక్కడ దాఖలు చేయాలో క్లర్క్ పంపే మెయిల్‌లోనే ఉంటుంది. చిరునామా గడిలో ఇంటి అడ్రసు బదులు ఆఫీసుది రాయండి, ఎందుకంటే ఈ పత్రం ఎవరైనా చూడవచ్చు, చూసేవారు తామెవరో చెప్పాల్సిన పని కూడా లేదు. రాసింది అబద్ధమైతే శిక్షార్హమన్న హామీతో సంతకం చేస్తారు. ఆలస్యమైతే రోజుకు 10 డాలర్లు, గరిష్ఠంగా 100. అది చిన్న మొత్తమే, కానీ ఎఫ్‌పీపీసీ విచారణ దాకా వెళ్తే ఒక్కో ఉల్లంఘనకు 5,000 డాలర్ల దాకా పడుతుంది. పొరపాటు కనిపిస్తే ఎప్పుడైనా సవరణ ఫారం ఇవ్వవచ్చు, వాయిదా వేయకండి.

ఫారం ఇచ్చేశాం కదా అని నిశ్చింతగా ఉండే చోటే అసలు చిక్కు వస్తుంది. మీ సొంత ఇల్లు ఫారంలో లేదు. కానీ ఆ ఇంటికి 500 అడుగుల లోపు అపార్ట్‌మెంట్ ప్రాజెక్టు ఓటింగ్‌కు వస్తే, మీకు ఆర్థిక ప్రయోజనం ఉన్నట్టే భావిస్తారు. లేదని గట్టి ఆధారాలతో తేలితేనే మినహాయింపు. కౌన్సిల్ సభ్యులు, ప్లానింగ్ కమిషనర్లు అప్పుడు ఆ ప్రయోజనం ఏమిటో సభలో చెప్పి, ఓటింగ్ నుంచి తప్పుకుని, గదిలోంచి బయటకు వెళ్లాలి. పనిచేసే కంపెనీ క్యాంపస్ విస్తరణ ఎజెండాలోకి వచ్చినా ఇంతే. కాంట్రాక్టుల్లో సొంత ప్రయోజనం ఉంటే మరీ కష్టం: గవర్నమెంట్ కోడ్ 1090 ప్రకారం ఆ ఒక్క సభ్యుడు తప్పుకుంటే చాలదు, చాలా సందర్భాల్లో కౌన్సిల్ మొత్తానికే ఆ కాంట్రాక్టు చేసే అధికారం పోతుంది.

అనుమానం వస్తే సలహా కోరే దారి ఉంది, దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. చిన్న ప్రశ్నలకు ఎఫ్‌పీపీసీ ఉచిత ఫోన్ నంబరు 1-866-275-3772. కానీ ఫోన్‌లో విన్నమాట రేపు మిమ్మల్ని కాపాడదు. లిఖితపూర్వకంగా అధికారిక సలహా కోరండి. ఆ లేఖలో మీ పేరు, పదవి, రాబోయే నిర్ణయం ఏమిటి, మీ ఆస్తి లేదా ఆదాయం ఎక్కడ తగులుతోంది, దూరం ఎన్ని అడుగులు, అన్నీ ఉండాలి. మ్యాపు జతచేస్తే మరీ మంచిది. మీరు లేదా మీరు అధికారమిచ్చినవారు మాత్రమే అడగాలి. పక్క కమిషనర్ గురించి ఆరా తీయడానికి, జరిగిపోయిన ఓటు సరైనదేనా అని అడగడానికి ఇది పనికిరాదు. సాధారణంగా 21 పనిదినాల్లో జవాబు వస్తుంది, కాబట్టి ఎజెండా అందాక కాదు, ప్రాజెక్టు దరఖాస్తు పడిందని తెలిసినప్పుడే రాయండి. వాస్తవాలన్నీ చెప్పి, వచ్చిన సలహా ప్రకారం నడుచుకుంటే ఎఫ్‌పీపీసీ చర్య తీసుకోదు.

వీటితోపాటు రెండేళ్లకోసారి రెండు గంటల ఎథిక్స్ శిక్షణ ఉంటుంది, ఎఫ్‌పీపీసీ దాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది. పదవి వదిలాక కూడా 30 రోజుల్లో ఆఖరి ఫారం 700 ఇవ్వాలి. ఊరు మారి వెళ్లిపోయేవారు దీన్నే మర్చిపోతారు. పదవి వదిలిన వెంటనే ఈ ఫారం కూడా నింపి పంపేయండి.